లోపలిదేగా అనే మాట ఇక చాలు

‘‘లోపల వేసుకునేదేగా, ఎవరు చూడొచ్చారు? ఏదో ఒకటి తెచ్చుకో.’’ బ్రా కొనడం గురించి మన ఇళ్లలో ఆడపిల్ల మొదట వినే మాట ఇది. చాలామంది విషయంలో ఆఖరిది కూడా ఇదే. దీని వెనకాలే ఇంకో రెండు వస్తాయి: ‘‘కాస్త బిగుతుగా ఉంటేనే మంచిది’’, ‘‘మొదట్లో అలాగే ఉంటుంది, పోనుపోను అలవాటవుతుంది’’. అమ్మ చెప్పింది కాబట్టి, అమ్మకు వాళ్లమ్మ చెప్పింది కాబట్టి, దుకాణంలో అబ్బాయి కూడా అదే అన్నాడు కాబట్టి ఈ మూడూ నిజాలుగా చెలామణి అవుతున్నాయి. మూడూ తప్పే. పొద్దున స్నానం చేసిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బట్ట గురించి ఇంత నిర్లక్ష్యంగా మాట్లాడటం, దానివల్ల వచ్చే నొప్పిని ఆడపుట్టుకలో భాగమని నమ్మించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మనకు కొలతల సంగతి తెలియక ఇలా జరుగుతోందనుకోవడానికి వీల్లేదు. జాకెట్టు కుట్టించుకోవడానికి మనం పడే శ్రద్ధ చూడండి. ఆది జాకెట్టు వెతికి, ఉతికి, ఇస్త్రీ చేసి పట్టుకెళతాం. అది సరిపోదంటే టైలరమ్మ టేపు తీసి భుజం, ఛాతీ, నడుము, చంక చుట్టూ, చెయ్యి పొడవు, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ విడివిడిగా కొలిచి పుస్తకంలో రాసుకుంటుంది. టక్కు ఎక్కడ రావాలో మెడ దగ్గర నుంచి వేళ్లతో చూపిస్తాం. చంక కింద అరంగుళం ముడత పడితే మళ్లీ వెళ్లి విప్పించి కుట్టిస్తాం. అదే ఒంటి మీద, ఆ జాకెట్టు కింద, ఆ ఆకారాన్ని నిలబెట్టే బట్టను మాత్రం ఒకే ఒక్క అంకె చెప్పి తెచ్చుకుంటాం. కొలతలిచ్చేటప్పుడు వేసుకున్న బ్రా ఒకటి, జాకెట్టు తొడిగేటప్పుడు వేసుకున్నది ఇంకొకటి అయితే టక్కులు రావలసిన చోట రావు. ఆ తిట్లు టైలరమ్మ తింటుంది.

ఏ ఊరి బజారులోనైనా కొనుగోలు జరిగే పద్ధతి ఒకటే. గల్లా వెనక అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. పక్కన మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూసుకుని, గొంతు తగ్గించి ‘‘ముప్పై ఆరు’’ అంటాం. అబ్బాయి పెట్టె తీసి, బట్టను రెండు చేతులతో సాగదీసి చూపించి, ‘‘అందరికీ ఇదే వెళుతుందమ్మా, సాగుతుంది’’ అంటాడు. వేసుకుని చూసే గది ఉండదు. లోదుస్తులు వాపసు తీసుకోబడవని బోర్డు మాత్రం ఉంటుంది. నల్ల కవర్లో చుట్టి ఇస్తే హమ్మయ్య అనుకుని బయటపడతాం. సరిపోకపోతే తిరిగివ్వడానికి లేదు, పారేయడానికి మనసొప్పదు. ఇంకేముంది, సర్దుకుంటాం.

ఆ ముప్పై ఆరు అనే అంకెకు ఒంటరిగా అర్థం లేదు. బ్రా సైజులో రెండు భాగాలుంటాయి. అంకె కింది పట్టీది, అంటే రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ తిరిగే బ్యాండుది. అక్షరం కప్పుది. రొమ్ముల కింద టేపును నేలకు సమాంతరంగా పెట్టి, ఊపిరి వదిలి ఒక కొలత తీసుకోవాలి. రొమ్ములు బాగా ఎత్తుగా ఉన్నచోట, బిగించకుండా, ఇంకో కొలత తీసుకోవాలి. మన దేశంలో చాలా కంపెనీలు కింది కొలతకు నాలుగో ఐదో అంగుళాలు కలిపి బ్యాండు అంకె కడతాయి. పై కొలత ఆ అంకె కంటే ఒక అంగుళం ఎక్కువైతే ఎ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. కొన్ని విదేశీ కంపెనీలు ఏమీ కలపవు. కింది కొలతే వాటి అంకె. అందుకే ఏ కంపెనీది కొంటే ఆ కంపెనీ పట్టికే చూడాలి.

ఇద్దరు ఆడవాళ్లను తీసుకోండి. ఇద్దరికీ పై కొలత ముప్పై ఎనిమిది అంగుళాలే. ఒకావిడకు కింది కొలత 32, ఇంకొకావిడకు 30. మన పట్టిక ప్రకారం మొదటావిడది 36బి. రెండో ఆవిడది 34డి. దుకాణంలో ఇద్దరూ ముప్పై ఎనిమిదనే చెబుతారు, ఇద్దరికీ 38బి ఇస్తారు. రెండో ఆవిడకు ఆ కప్పు పడుతుంది కూడా. ఎందుకంటే 34డి, 36సి, 38బి కప్పుల్లో పట్టే పరిమాణం ఒకటే; వీటిని సిస్టర్ సైజులంటారు. కప్పు నిండింది కదా, సరిపోయిందనుకుంటుంది. కానీ ఆవిడ ఒంటికి కావలసిన దానికన్నా బ్యాండు నాలుగు అంగుళాలు పొడవు.

నొప్పి అక్కడ మొదలవుతుంది. రొమ్ముల బరువును మోయవలసింది ఎక్కువగా బ్యాండే, పక్కటెముకల మీద ఆనుకుని. బ్యాండు వదులైతే వెనకవైపు పైకి పాకి రెక్కల ఎముకల దగ్గరికి చేరుతుంది, ముందువైపు కిందికి జారుతుంది. జారింది కదాని భుజం పట్టీలు బిగిస్తాం. బిగించిన కొద్దీ అవి వెనక బ్యాండును ఇంకా పైకి లాగుతాయి. ఇక బరువంతా భుజాల మీద అంగుళం వెడల్పు కూడా లేని రెండు పట్టీలది. నలభైలు దాటిన ఆడవాళ్లు ఎంతోమందికి భుజం మీద వేలు పెడితే దిగేంత గాడి ఉంటుంది. దాని చుట్టూ చర్మం నల్లబడి ఉంటుంది. మెడ నొప్పి, భుజం నొప్పి అని మాత్రలు మింగుతారు, తైలాలు రాసుకుంటారు. ఆ గాడి వైపు మాత్రం ఎవరూ చూడరు. మందుల చీటీ రాసేవారు కూడా చాలాసార్లు అడగరు.

కప్పు చిన్నదైతే ఇంకో రకం బాధ. అంచు రొమ్మును కోసినట్టు పట్టి పైన ఇంకో ఎత్తు తేలుతుంది, చంక పక్కన కండ ఉబుకుతుంది. దాన్ని చూసుకుని ‘‘లావయ్యాను’’ అని కుమిలిపోయే అమ్మాయిలు నాకు తెలుసు. అది కొవ్వు కాదు. కప్పులో చోటు లేక పక్కకు నెట్టబడిన రొమ్ము. ఆస్ట్రేలియాలో జరిగి 2008లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో 30 మంది యువతులను కొలిచి చూస్తే వారిలో 80 శాతం మంది తప్పు సైజు వేసుకున్నారు, ఎక్కువమంది తమకు చిన్నదైనది. ముప్పై మందిని చూసి ప్రపంచమంతా ఇంతేనని లెక్క కట్టకూడదు. కానీ కొలిచి అమ్మే దుకాణాలున్న దేశంలోనే అలా ఉంటే, కొలతే లేని మన గల్లాల దగ్గర సంగతి ఆలోచించండి.

‘‘బిగుతుగా వేసుకోకపోతే జారిపోతాయి’’ అనే భయం దగ్గరికి వద్దాం. పిల్లలకు రాత్రిళ్లు కూడా బ్రా విప్పనివ్వని తల్లులున్నారు ఈ భయంతో. రొమ్ములో కండరం లేదు. గ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని తంతువులు, పైన చర్మం, అంతే. ఆ తంతువులను 1840లో వర్ణించిన ఇంగ్లండు శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరుతోనే వాటిని నేటికీ పిలుస్తున్నారు. వయసుతో అవి సాగుతాయి. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రింకర్ బృందం దీన్ని పరిశీలించి వయసు, బరువు, కాన్పుల సంఖ్య, పొగతాగడం వంటివి జారడానికి కారణాలని తేల్చింది. బిడ్డకు పాలివ్వడం కారణం కాదని కూడా ఆ పరిశీలనే చెప్పింది. పాలిస్తే అందం పోతుందని భయపెట్టే పెద్దవాళ్లు, భయపడే కొత్త తల్లులు, ఇద్దరూ ఈ మాట వినాలి. నిద్రలో బిగించుకుని పడుకుంటే రేపటి ఆకారం నిలుస్తుందనడానికి ఆధారం లేదు. వేసవిలో కోస్తా ఉక్కపోతలో రాత్రంతా బిగించి ఉంచితే రొమ్ముల కింద చెమట ఆరక చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది, ఫంగస్ చేరుతుంది. బిగువు వల్ల కచ్చితంగా దక్కేది అదొక్కటే.

ఇటు ఈ భయం ఉంటే అటు ఇంకొకటి వాట్సాప్‌లో తిరుగుతోంది: బ్రా వేసుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని, వైరు ఉంటే మరీ ప్రమాదమని. 1995లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం ఈ ప్రచారాన్ని బాగా ఎగదోసింది. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వారు వెయ్యిమందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులను, ఆ జబ్బు లేని 469 మందిని పోల్చి చూశారు. ఎన్నేళ్ల వయసులో బ్రా మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారు, వైరు ఉందా, కప్పు ఎంత అని అడిగారు. దేనికీ క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. గడ్డ తగిలితే డాక్టరు దగ్గరికి పరుగెత్తవలసిన చోట, బ్రా మానేశాను కదాని ధీమాగా కూర్చోబెట్టే ప్రచారం ప్రాణాలమీదికి తెస్తుంది.

అసలు బ్రా ఎందుకు, విసిరేద్దాం అనేవాళ్లున్నారు. వాళ్లంటే నాకు గౌరవమే. బ్రా వేసుకుని తీరాలని వైద్యశాస్త్రం ఎవరినీ బలవంతపెట్టదు. ఇంట్లో వద్దనిపిస్తే మానేయండి, బయట కూడా వద్దనిపిస్తే అదీ మీ ఇష్టం. 2013లో ఫ్రాన్స్‌లోని బెసాన్సాన్‌లో జాన్‌ డెని రూయోఁ అనే వైద్యుడు సుమారు 330 మంది యువతులను ఏళ్ల తరబడి గమనించి బ్రా వల్ల లాభం కనబడలేదన్నప్పుడు పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆడవాళ్లందరికీ దీన్ని వర్తింపజేయవద్దని ఆయనే హెచ్చరించిన సంగతి ఆ హడావుడిలో కొట్టుకుపోయింది. రొమ్ములు బరువుగా ఉన్న స్త్రీ బస్సు వెంట పరుగెత్తాలన్నా, మెట్లు దిగాలన్నా, వరిచేలో రోజంతా వంగి నాటు వేయాలన్నా ఆసరా లేకపోతే నొప్పి పుడుతుంది. ఆమెకు సరైన బ్రా ఎలా ఉంటుందో చూపించకుండా విసిరేయమనడం స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు.

‘‘ఎవరు చూడొచ్చారు’’ అనే మాట అందరికన్నా ఎక్కువగా దెబ్బతీసేది పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను. ఎనిమిదికీ పదమూడుకీ మధ్య ఎప్పుడైనా రొమ్ములు పెరగడం మొదలవుతుంది. తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. షిమ్మీ మీద షిమ్మీ వేస్తారు. తర్వాత అక్కది పాతది ఒకటి ఇస్తారు. స్కూలు చున్నీని రెండు భుజాలకూ పిన్నులు పెట్టి బిగిస్తారు. గేమ్స్ పీరియడ్ వస్తే ఆ పిల్ల కడుపు నొప్పని చెట్టు కింద కూర్చుంటుంది. నిన్నటిదాకా కబడ్డీలో అందరికన్నా ముందుండే పిల్ల ఎందుకు కూర్చుందని ఎవరూ అడగరు. పీఈటీ మాస్టారు అడగలేరు. అమ్మకు తెలిసినా ‘‘పెద్దదైంది కదా, ఎగరడం దేనికి’’ అనుకుంటుంది.

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 11 నుంచి 18 ఏళ్ల బడిపిల్లలను రెండు వేలమందికి పైగా అడిగితే 46 శాతం మంది తమ రొమ్ముల వల్ల ఆటల్లో పాల్గొనడం దెబ్బతింటోందన్నారు. ఈ సంగతి దాచుకోకుండా మాట్లాడే సమాజమనుకునే చోటి లెక్క ఇది. అదే విశ్వవిద్యాలయంలో జోవానా స్కర్ బృందం పరుగెత్తేటప్పుడు రొమ్ముల కదలికను కొలిచింది. అవి పైకీ కిందికీ మాత్రమే ఊగవు. పక్కలకూ, ముందుకూ వెనక్కూ కూడా కదులుతాయి, గాలిలో ఎనిమిది అంకె గీసినట్టు. 2012 లండన్ మారథాన్‌లో పరుగెత్తిన ఆడవాళ్లను అడిగితే మూడోవంతు మంది రొమ్ము నొప్పి ఉందన్నారు. చిన్న రొమ్ములున్నవారు కూడా అందులో ఉన్నారు. ఇంగ్లండు మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఒక్కొక్కరికీ తగిన బ్రాను విడివిడిగా సూచించింది ఈ బృందమే. వాళ్లకు అది బూట్ల లాంటి ఆటసామాను, సిగ్గుపడాల్సిన విషయం కాదు.

పరుగెత్తడానికి ప్రత్యేకమైన బ్రా కావాలని తోచింది కూడా ఓ ఆడమనిషికే. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు స్త్రీలు, మగ ఆటగాళ్లు వేసుకునే సపోర్టర్లను రెండింటిని కలిపి కుట్టి తొలి నమూనా తయారుచేశారు. దాన్నుంచే నేటి స్పోర్ట్స్ బ్రా వచ్చింది. ఆటలాడే పిల్లకు ఇప్పుడది కొనడం కష్టమేమీ కాదు. సన్నగా ఉన్న పిల్లకు ఛాతీని మొత్తంగా అదిమి పట్టేది చాలు. రొమ్ములు నిండుగా ఉన్న పిల్లకు అది చాలదు. ఒక్కో రొమ్మును విడిగా పట్టే కప్పులు, గట్టి బ్యాండు, వెడల్పు పట్టీలు కావాలి. వేయించి, అద్దం ముందు పదిసార్లు ఎగరమనండి. నొప్పి లేకపోతే, చెయ్యి ఛాతీ మీదికి పోకపోతే అదే సరైనది. రెండు మామూలు బ్రాలు ఒకదాని మీద ఒకటి వేసి పంపడం మాత్రం మానండి. ఊపిరి ఆడక పరుగు మధ్యలో ఆగిపోతుంది.

మామూలు రోజులకు కూడా సైజు ఒక్కటే సరిపోదు, ఆకారం చూసుకోవాలి. కొందరికి కింది భాగం నిండుగా ఉంటుంది, సగం కప్పు అందంగా కూర్చుంటుంది. పైభాగం నిండుగా ఉన్నవారికి అదే కోస్తుంది. పై అంచు సాగే లేసుది కావాలి. కాన్పుల తర్వాత, యాభై దాటాక రొమ్ము మెత్తబడుతుంది. అచ్చులో పోసిన స్పాంజి కప్పులో అది నిండదు, పైన ఖాళీ ఉంటుంది. ముక్కలుగా కత్తిరించి కుట్టిన పూర్తి కప్పు దాన్ని పొదివి పట్టుకుంటుంది. కానీ నేటి మార్కెట్లో ప్యాడ్ ఉంటేనే బ్రా అన్నట్టుంది వ్యవహారం. ప్యాడు తన ఆకారాన్ని తాను నిలుపుకుంటుంది, మీ రొమ్ముకు ఆసరా ఇవ్వాలని లేదు. ఒక రొమ్ము ఇంకోదానికన్నా కాస్త పెద్దదిగా ఉండటం చాలా మామూలు సంగతి. పెద్దదాని కొలతకే కొనాలి.

స్కిన్ కలర్ అని అమ్మే రంగు గురించి ఒక మాట చెప్పాలి. అది గులాబీ ఛాయ కలిసిన తెల్లవాళ్ల చర్మం రంగు. మనలో ఎక్కువమందిమి చామనఛాయ, నలుపు. తెల్ల జాకెట్టు కింద తెల్ల బ్రా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఆ లేత రంగూ కనబడుతుంది. మన ఒంటి రంగుకు దగ్గరైన గోధుమ రంగు కనబడదు. అది అడిగితే దొరకని దుకాణాలే ఎక్కువ.

పాలిచ్చే తల్లి సంగతి వేరు. ఆమెకు రొమ్ము పరిమాణం ఒకే రోజులో పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది. కప్పు ఒకవైపు విడిగా తెరుచుకునేది, వైరు లేనిది, సాగేది ఇవ్వాలి. బిగువు వల్ల పాలు గడ్డకట్టి, రొమ్ము వాచి, జ్వరం తెచ్చుకున్న బాలింతలెందరో ఉన్నారు. పురిటి సామాన్ల జాబితాలో కాటుక కాయ దగ్గర్నుంచి సాంబ్రాణి దాకా ఉంటాయి, ఇది ఉండదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైన స్త్రీకి లోపల జేబు కుట్టిన బ్రాలు వస్తాయి, అందులో కృత్రిమ రొమ్ము అమర్చుకోవచ్చు. గాయం మానేదాకా ముందు హుక్కులున్న మెత్తటిది కావాలి, చెయ్యి వెనక్కి పోదు కనుక. ఈ మాట ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే చెప్పాలి.

ఉతికిన బ్రాను ఎక్కడ ఆరేస్తున్నామో కూడా చూసుకోండి. తువ్వాలు కిందో, చీర మడతలోనో, స్నానాల గదిలో మేకుకో. మామగారు చూస్తారని, పక్కింటివాళ్లు చూస్తారని. ఎండ తగలక, గాలి ఆడక సగం తడిగానే మళ్లీ ఒంటి మీదికి వస్తుంది. ఇందాక చెప్పిన ఫంగస్‌కు ఇంతకన్నా మంచి చోటు లేదు. మగవాళ్ల బనీన్లు, డ్రాయర్లు వీధికి కనబడేలా తీగమీద ఊగుతుంటే ఎవరికీ సిగ్గు లేదు.

చివరగా ఖర్చు. మంచి బ్రా ఖరీదెక్కువ, మధ్యతరగతి ఇంట్లో కుదరదంటారు. పెళ్లికి ఒక్క జాకెట్టు మగ్గం వర్కుకు వేలు పెట్టే ఇళ్లలో ఈ మాట నేను ఒప్పుకోను. నిజంగా చేతిలో లేనివారికి చెప్పేదేమిటంటే, సైజు సరిగ్గా ఉంటే ఖరీదైన కంపెనీయే కానక్కర్లేదు. సాదా నూలు బ్రా, మూడు హుక్కుల వరసలున్నది, చవకలోనే దొరుకుతుంది. కొత్తదాన్ని అన్నిటికన్నా వదులు హుక్కుకు పెట్టినప్పుడే బ్యాండు గట్టిగా, రెండు వేళ్లు దూరేలా ఉండాలి. సాగిన కొద్దీ లోపలి హుక్కులకు జరుపుకుంటే ఎక్కువకాలం వస్తుంది. మూడు ఉంచుకుని మార్చి మార్చి వేసుకోండి. వేడినీళ్లలో నానబెట్టకండి, మెలితిప్పి పిండకండి. ఎలాస్టిక్ చచ్చేది అక్కడే. ఆఖరి హుక్కుకు పెట్టినా వెనక పైకి పాకుతోందంటే దాని పని అయిపోయింది, చిరుగు లేకపోయినా సరే. కొనేటప్పుడు రెండు కొలతలూ చీటీ మీద రాసి పట్టుకెళ్లండి. సి, డి కప్పులు లేవంటే, వేసి చూసుకోనివ్వమంటే, కొనకుండా పక్క దుకాణానికి వెళ్లండి, ఎందుకు కొనలేదో వాళ్లకు వినబడేలా చెప్పి మరీ.